మూడు పాత పుస్తకాలు: బడిపిల్లల మనసు, విద్వత్సంఘాల చేయూత

1900లో పన్నెండేళ్ళ తెలుగు బాలుడొకడు తిరుపతి మిషన్ బడిలో చదువు ముగించుకొని వెల్లూరు వచ్చి, ఇక్కడివాళ్ళు ఊరీస్ కాలేజీ అని పిలుచుకొనే విద్యాలయంలో చేరాడు. నాలుగేళ్ళు ఇక్కడే చదివాడు. ఇక్కడుండగానే పెళ్ళి కూడా అయింది. ఆ బాలుడే సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టిన నాటికి తిరుత్తణి ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 1960లో సరిహద్దుల సర్దుబాటు జరిగినప్పుడు తిరిగి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. కాబట్టి వెల్లూరు, గుడియాత్తం, నెమిలి ప్రాంతాల నుంచి వచ్చి తెలుగు చదువుకుంటున్న మన విద్యార్థులకు ఆయన పరాయి ఊరి మనిషి కాడు.

రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రంలోకి ఎలా వచ్చారన్నది చాలామందికి తెలిసిన కథే. వెల్లూరు నుంచి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళినప్పుడు ఏ శాస్త్రం తీసుకోవాలో ఆయన తేల్చుకోలేదు. అప్పుడే పట్టా పుచ్చుకొన్న బంధువొకాయన తనకిక పనిలేని పాఠ్యపుస్తకాలు ఆయనకిచ్చారు. వాటిలో ఒకటి స్టౌట్ రాసిన మనస్తత్వశాస్త్ర గ్రంథం, రెండవది వెల్టన్ తర్కశాస్త్రం, మూడవది మెకంజీ నీతిశాస్త్రం. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఇంటి పిల్లవాడికి ఆ మూడు పుస్తకాలే దారి తేల్చాయి. ఈ కథను సాధారణంగా విధి విలాసంగా చెప్పుకొంటారు. నాకు మాత్రం ఇందులో ఇంకొక ప్రశ్న కనిపిస్తుంది. ఆ బంధువు లెక్కలు చదివి ఉంటే ఏమయ్యేది? ప్రతిభ గల యువకుడి దారి ఒక ఇంటి అటకమీది పాత పుస్తకాలను బట్టి ఉండవలసిందేనా?

ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే విద్వత్సంఘాలు అనవచ్చు. అవి ఏమి చేశాయి, ఏమి చేయలేకపోయాయి అన్నది బడిపిల్లల మనసును అధ్యయనం చేసే శాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకొని కొంత చూద్దాం. ఈ శాస్త్రాన్నే ఇవాళ పాఠశాల మనస్తత్వశాస్త్రం అంటున్నారు.

రాధాకృష్ణన్ కథలో రెండవ ఘట్టం సైదాపేటలో జరిగింది. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం వచ్చినా, ప్రభుత్వ నియమాల ప్రకారం ఉపాధ్యాయ శిక్షణ పొందక తప్పలేదు. 1910లో సైదాపేట శిక్షణ కళాశాలకు వెళ్ళారు. మనస్తత్వశాస్త్రంలో ఆయనకు అప్పటికే ఉన్న పరిజ్ఞానం చూసి, పాఠం వినవలసిన ఆయన చేతనే తోటి ఉపాధ్యాయులకు ఆ పాఠాలు చెప్పించారు. ఆ ఉపన్యాసాలే 1912లో మనస్తత్వశాస్త్ర ప్రాథమికాంశాలపై చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. ఆయన పెద్ద గ్రంథాల మధ్య ఈ పుస్తకాన్ని తలచేవారు తక్కువ. అయినా ఉపాధ్యాయుల కోసం, ఉపాధ్యాయుల మధ్య, ఒక తెలుగువాడు ఇంగ్లీషులో చెప్పిన మనస్తత్వశాస్త్రంగా దానికి మన చరిత్రలో చోటుండాలి. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్ళు. చేతిలో పరిశోధక వేతనం లేదు, వెనుక పత్రిక లేదు, చదివి తప్పు దిద్దే సభ లేదు. ఆయన పై అధికారి ఒకరు ఔదార్యంతో అవకాశమిచ్చారు, అంతే.

1921లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్య పీఠానికి వెళ్ళేసరికి అక్కడ పరిస్థితి వేరు. 1916 నుంచే ఆ విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రానికి ప్రత్యేక శాఖ నడుస్తోంది. నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దాన్ని నడిపించారు. 1924లో భారతీయ మనస్తత్వశాస్త్ర సంఘం ఏర్పడింది. తరువాత కొద్దికాలానికే దానికొక పత్రిక వచ్చింది. 1925లో భారతీయ తత్త్వశాస్త్ర మహాసభ కలకత్తాలో తొలిసారి సమావేశమైంది. దాని వెనుక ఉన్న ముఖ్యుల్లో రాధాకృష్ణన్ ఒకరు. సైదాపేటలో ఒంటరిగా పాఠం చెప్పిన మనిషి పదిహేనేళ్ళు గడిచేసరికి ఇతరుల కోసం వేదిక కట్టే స్థితికి వచ్చారన్నమాట. 1948-49లో ఆయన అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం చేసిన సిఫారసుల్లోంచే విశ్వవిద్యాలయ నిధుల సంఘం రూపు దిద్దుకొంది. ఇవాళ మన పరిశోధక విద్యార్థులు అందుకొనే జూనియర్ ఫెలోషిప్పులకు మూలం అక్కడుంది.

ఈ కథ ఇంత నున్నగా సాగింది గదా అని సంబరపడే ముందు, ఇదే కాలంలో తెలుగునాట సాగిన మరొక కథ చూడాలి. బడిపిల్లల మనసుకు సంబంధించి మనవాళ్ళు చేసిన అతి ముఖ్యమైన పరిశీలన మనస్తత్వశాస్త్రం పేరుతో జరగలేదు, భాషావివాదం పేరుతో జరిగింది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవర పిల్లలు బడిలో తెలుగు గాని ఒరియా గాని అర్థం కాక కూర్చోవడం చూసి, ముందు తాను సవర భాష నేర్చుకొన్నారు, తరువాత వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో వాళ్ళకు బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారని చెబుతారు. తల్లిభాషలో మొదలుపెడితే పిల్లవాడు త్వరగా చదువుతాడన్న మాటను యునెస్కో నిపుణులు 1953లో ప్రకటించారు. గిడుగు దాన్ని అరవై ఏళ్ళకు ముందే ఒక కొండ బడిలో చేసి చూశారు.

ఆ తరువాత 1906-07 ప్రాంతంలో విశాఖపట్నంలో పాఠశాలల పర్యవేక్షణాధికారిగా ఉన్న యేట్స్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చదివే తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని అడిగారు. పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు ఆ ప్రశ్నను పట్టుకొన్నారు. సాహిత్య చరిత్రల్లో దీన్ని శైలీ వివాదంగా చదువుతాం. నిజానికి అది తరగతి గదిలో పుట్టిన ప్రశ్న. పరీక్షలో పిల్లవాడు తనకు వచ్చిన భాషలో రాస్తే తప్పు పడాలా, వద్దా అన్నదే అసలు తగాదా.

ఇక్కడ విద్వత్సంఘం పాత్ర కొంచెం చేదుగా ఉంటుంది. 1911లో మద్రాసులో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. తాళపత్రాలు సేకరించారు, పత్రిక నడిపారు, పిఠాపురం రాజా వారి ద్రవ్యసహాయంతో సూర్యరాయాంధ్ర నిఘంటువు చేపట్టారు. ఎందరో యువ పండితులకు ఆ నిఘంటువు పని అన్నం పెట్టింది. అదే పరిషత్తు బడిలో వ్యావహారికం వద్దని సభలు పెట్టి తీర్మానాలు చేసింది. పాఠశాల పరీక్షల్లో వ్యావహారికానికి ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం కొద్దికాలంలోనే వెనక్కి తీసుకొంది. గురజాడ తన అసమ్మతి పత్రం రాసింది ఆ సందర్భంలోనే, 1914లో. విద్వత్సంఘం అనగానే పరిశోధనకు అండ అని తలపోయడం తొందరపాటు. సంఘం దేనికి అండగా నిలుస్తుందో దాన్ని నడిపేవారి అభిరుచి నిర్ణయిస్తుంది.

గిడుగు 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. వీరేశలింగం పంతులు అధ్యక్షులు. ‘తెలుగు’ అనే పత్రిక మొదలైంది. ఏడాది నడిచి ఆగిపోయింది. నిఘంటువుకు రాజులు దొరికారు గాని, పత్రికకు చందాదారులు దొరకలేదు. సవర భాషపై ఆయన పెద్ద గ్రంథాలు 1931లో, 1938లో గాని అచ్చుకాలేదు. అప్పటికి ఆయన వయసు డెబ్బై చేరువలో ఒకటి, దాటాక ఒకటి. ముప్ఫయ్యో ఏట మొదలుపెట్టిన పని అది. యువ పరిశోధకుడికి అండ దొరకకపోతే ఏమవుతుందని ఎవరైనా అడిగితే, నేను ఈ రెండు తేదీలే చూపిస్తాను. గిడుగు వంటి మొండివాడు కాబట్టి నలభై ఏళ్ళు ఆగగలిగారు.

ఇదే రోజుల్లో పిల్లల బుద్ధిని కొలిచే పని మన దేశంలో మొదలైంది. 1921లో హెరిక్ అనే అమెరికన్ పరిశోధకుడు దక్షిణ భారతంలో బ్రాహ్మణ, పంచమ బాలలను చెక్కముక్కల పలకతో పరీక్షించి, అమెరికా పిల్లలతో పోల్చి ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆయా ఆకారపు ముక్కలను ఆయా గుంటల్లో అమర్చే పరీక్ష అది. దీనికి భాష అక్కరలేదు గనుక న్యాయమైన కొలత అనుకొనేవారు. బొమ్మలతో, చెక్కముక్కలతో ఆడుకొన్న ఇంటి పిల్లవాడికీ, పొలంలో పెరిగిన పిల్లవాడికీ ఆ పలక ఒకటే కాదన్నది అప్పట్లో పట్టించుకొన్నవారు తక్కువ. లాహోరులో హెర్బర్ట్ రైస్ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బినే పరీక్షలను హిందూస్తానీలోకి మలిచారు. ఆ పుస్తకం 1929లో వచ్చింది. ధార్వాడలో కామత్ అదే పరీక్షలను కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా తిరిగి నిర్మించి 1940లో ప్రకటించారు. కామత్ చేసింది ఒట్టి అనువాదం కాదు. ఒక ప్రశ్న ఏ వయసు పిల్లలకు అందుతుందో మళ్ళీ మొదటి నుంచి పిల్లల దగ్గర కూర్చొని తేల్చుకొన్న పని. ఇంగ్లీషులో ఏడేళ్ళవాడు చెప్పగల జవాబు కన్నడంలో ఎనిమిదేళ్ళవాడు చెప్పవచ్చు, ఆరేళ్ళవాడూ చెప్పవచ్చు. అది పిల్లవాడి బుద్ధిని బట్టి కాదు, మాటను బట్టి.

రెండు భాషల మధ్య పెరిగే పిల్లల సంగతి మరీ చిక్కు. మన విద్యార్థులు ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవాలి. ఎందుకంటే ఇది వాళ్ళ గురించే. 1923లో వేల్స్ దేశంలో సేర్ అనే పరిశోధకుడు వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పల్లెటూరి పిల్లలు బుద్ధిపరీక్షల్లో వెనుకబడ్డారని తేల్చారు. రెండు భాషలు మనసును గందరగోళపరుస్తాయన్న నమ్మకం దానితో బలపడి, దాదాపు నలభై ఏళ్ళు ఉపాధ్యాయుల మాటల్లో, తల్లిదండ్రుల భయాల్లో నిలిచిపోయింది. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు అదే ప్రశ్నను జాగ్రత్తగా మళ్ళీ అడిగారు. ఇంటి ఆర్థిక స్థితి సమానంగా ఉన్న పిల్లలనే ఎంచుకొని, రెండు భాషలూ నిజంగా వచ్చినవారినే రెండు భాషలవారిగా లెక్కించారు. ఫలితం తిరగబడింది. రెండు భాషల పిల్లలే ముందున్నారు. మన దేశంలో అజిత్ మొహంతి ఒడిశాలోని కంధ పిల్లలను పరిశీలించారు. కుయి, ఒడియా రెండూ వచ్చినవారు, ఒడియా మాత్రమే వచ్చినవారికంటే ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చూపించారు. సేర్ కొలిచింది భాషను కాదు, చాలావరకు పేదరికాన్ని, పల్లెటూరి బడిని. ఒక వ్యాసంలోని పొరపాటును దిద్దడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఈ మధ్యలో ఎందరు పిల్లల నోళ్ళు ఇంటి భాషకు మూతపడ్డాయో లెక్క కట్టినవారు లేరు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో 1943లో మనస్తత్వశాస్త్ర శాఖ మొదలైంది. బోయజ్ గారు దాన్ని నిర్మించారు. మద్రాసులోని మనస్తత్వశాస్త్ర సంఘం 1957 నుంచి ఒక పరిశోధన పత్రికను వెలువరించింది. దక్షిణాది యువ పరిశోధకుడికి తన తొలి వ్యాసాన్ని కలకత్తాకో లండన్‌కో పంపనవసరం లేకుండా, బస్సెక్కి వెళ్ళి సంపాదకుడి చేతికివ్వగల చోటు దొరకడం చిన్న సంగతి కాదు. 1962లో అనువర్తిత మనస్తత్వశాస్త్రానికి అఖిల భారత అకాడమీ ఏర్పడింది. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావు తమ శాఖను స్థాపించారు. 1969లో భారతీయ సామాజికశాస్త్ర పరిశోధన మండలి వచ్చి పరిశోధక వేతనాలు, సమీక్షా సంపుటాలు మొదలుపెట్టింది. అదే ఏట మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ కూడా ఏర్పడింది. ఇవన్నీ తలా ఒక మెట్టు.

అమెరికాలో ఈ శాస్త్రానికి 1896ను మొదటి ఏడుగా చెప్పుకొంటారు. ఆ ఏడు పెన్సిల్వేనియాలో విట్మర్ తొలి మనస్తత్వ చికిత్సాలయం తెరిచారు. ఆయన దగ్గరికి వచ్చిన తొలి పిల్లల్లో ఒకరు స్పెల్లింగు రాని బడిపిల్లవాడు, తీసుకొచ్చింది ఉపాధ్యాయురాలు. 1954లో థేయర్ హోటల్లో జరిగిన సమావేశం ఈ వృత్తికి కావలసిన శిక్షణను నిర్దేశించింది. 1963లో పాఠశాల మనస్తత్వశాస్త్ర పత్రిక మొదలైంది. ఆ పత్రిక యాజమాన్యం గల అధ్యయన సంఘం అనుసరించిన పద్ధతి మనం గమనించదగ్గది. పత్రికను నడుపుతూనే, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులకు, ఉద్యోగంలో చేరి కొద్ది ఏళ్ళే అయిన అధ్యాపకులకు చిన్న చిన్న సహాయ నిధులు ఇస్తుంది. దరఖాస్తులను తోటి పండితులు చదివి అభిప్రాయం రాస్తారు. యువకులను, అనుభవజ్ఞులను ఒకచోట కూర్చోబెట్టే సమావేశాలూ జరుపుతుంది. అమెరికన్ మనస్తత్వశాస్త్ర సంఘంలోని పాఠశాల విభాగం విట్మర్ పేరనే యువ పరిశోధకులకు పురస్కారం ఇస్తుంది.

ఇందులో డబ్బు కంటే ఎక్కువ విలువైనది ఆ చదివి అభిప్రాయం రాసే పని అని నా ఉద్దేశం. దరఖాస్తు నెగ్గకపోయినా, నీ ప్రశ్న బాగుంది గాని పిల్లలను ఎంచుకొన్న తీరు సరిగా లేదని తెలిసినవారు చెబితే, పరిశోధకుడికి రెండేళ్ళు కలిసివస్తాయి. సేర్‌కు అటువంటి మాట ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. మన పక్కనే పుదుచ్చేరి కేంద్రంగా భారతీయ పాఠశాల మనస్తత్వశాస్త్ర సంఘం ఇటీవలి దశాబ్దాల్లో ఏర్పడింది. మన విద్యార్థులకు అది ఒక పూట ప్రయాణం.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. గుడియాత్తం చరిత్రలో ఒక విశేషముంది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు శాసనసభకు ఎన్నికైంది గుడియాత్తం ఉపఎన్నికలోనే. 1956లో ఆయన ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనం విస్తరించింది. అంతకు చాలా ముందే, 1920లో, మద్రాసు నగరసభ బడిలో ఆ పని మొదలుపెట్టినవారు పిట్టి త్యాగరాయ చెట్టిగారు, తెలుగువారే. కడుపు నిండని పిల్లవాడి బుద్ధిని కొలవడం దండగ అన్న సంగతి రాజకీయం తెలిసినవారికి శాస్త్రజ్ఞుల కంటే ముందే తోచింది.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది. రోగితో పాటు కుటుంబం కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకొనే పద్ధతికి అది పేరు పొందింది. ఎదుగుదలలో వెనుకబడిన పిల్లల కోసం అక్కడ నంబిక్కై నిలయం పనిచేస్తుంది. ఒక పిల్లవాడికి నిజంగా ఎదుగుదల మందగించిందా, లేక అడిగిన భాష అందలేదా అన్న తేడా ఇటువంటి చోట ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళమో ఇంగ్లీషో ఉన్న పిల్లవాడికి ఒకే భాషలో పరీక్ష పెట్టి అంకె వేస్తే, ఆ అంకె సగం మనిషినే కొలిచినట్టు.

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అధ్యయన చట్టం తెచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏటేటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ, 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల వారు కోర్టులకు వెళ్ళారు, మినహాయింపులు పొందారు. 2023లో సర్వోన్నత న్యాయస్థానం కూడా తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది. ఈ వాదనల్లో హక్కుల మాట చాలా వినిపించింది. తమిళం రాకుండా ఈ నేలమీద బతుకు సాగదు, నేర్చుకోవలసిందే. అందులో తగాదా లేదు. ఏ వయసులో, ఏ వరుసలో, ఇంటి తెలుగును ఎంతవరకు నిలుపుకొని నేర్పితే పిల్లవాడు రెండూ బాగా చదువుతాడన్నది మాత్రం న్యాయవాదులు తేల్చగల విషయం కాదు. అది పిల్లల పక్కన కూర్చొని తేల్చవలసినది. పిల్లల ఇంటిభాష తెలిసినవారే కూర్చోవాలి. మన శాఖలో చదివే విద్యార్థులకు ఉన్న అరుదైన అర్హత ఇదే. తెలుగు, తమిళం రెండూ వచ్చిన మనస్తత్వశాస్త్ర పరిశోధకులు ఎక్కువమంది లేరు. మీరు తెలుగు ఎం.ఏ. చేసి ఆ శాఖవారితో కలిసి పనిచేయడానికి అడ్డేమీ లేదు. గిడుగు కూడా చరిత్ర చదివినవారే గాని భాషాశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్నవారు కారు.

మొదలుపెట్టడానికి ఒక చిన్న పని చెబుతాను. ఇప్పటి రాణిపేట జిల్లాలోని నెమిలి చుట్టుపక్కల ఇళ్ళలో ఆరేడేళ్ళ తెలుగు పిల్లలు రోజూ వాడే మాటల పట్టిక కావాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చయిన వాచకంలోని మాటలతో ఇక్కడి పిల్లవాడి తెలుగును పరీక్షిస్తే, కామత్ జాగ్రత్తపడిన తప్పునే మనం చేసినవాళ్ళమవుతాం. వంటింటి మాటలు, ఆటల మాటలు, చుట్టరికాల మాటలు, మగ్గం ఉన్న ఇంట్లో మగ్గం మాటలు, వాటిలో ఏవి తమిళంతో కలిసిపోయాయో, ఏవి పిల్లవాడు తెలుగులోనే అంటాడో గుర్తులు పెట్టుకోవాలి. అమ్మమ్మ దగ్గర అనే మాట, బడి గేటు దాటాక అనే మాట వేరైతే రెండూ రాసుకోవాలి. ఈ పట్టిక ఉంటేనే తరువాత ఎవరైనా చదువు పరీక్ష గాని, బుద్ధి పరీక్ష గాని మన పిల్లలకు అనువుగా తయారుచేయగలరు. దీనికి పెద్ద నిధులేమీ అక్కరలేదు. ఒక సెలవుల కాలం, బస్సు చార్జీలు, రెండు నోటుపుస్తకాలు, రాసింది చదివి తప్పులు దిద్దే పెద్దవాళ్ళు ఇద్దరు చాలు. ఆ ఇద్దరిలో ఒకరు తమిళ ఉపాధ్యాయులైతే మరీ మంచిది.